కిటికీ అద్దంలో మేస్త్రీ

ఈతకొలను దగ్గర ఆవిణ్ణి అందరూ ఆపమ్మ అంటారు. ఎవరూ కూర్చుని పెట్టిన పేరు కాదు, దానంతటదే పడిపోయింది. ఈదే పిల్లల్ని నీటిపైనుంచీ నీటిలోపలినుంచీ వీడియో తీసి, మేడమీది గాజుగదిలో కంప్యూటర్ ముందు కూర్చుని ఆ వీడియోల్లోంచి ఫొటోలు పట్టడం ఆవిడ ఉద్యోగం. మోచెయ్యి ఎక్కడ వంగింది, తల ఎంత లేచింది, మడమ నీళ్లు దాటిందా లేదా, ఇవన్నీ కదిలే బొమ్మలో తెలియవు. వెనక నిలబడ్డ కోచ్ “అక్కడ ఆపమ్మా” అంటాడు. పదకొండేళ్లుగా రోజుకు వందసార్లు విన్న ఆ మాటే చివరికి పేరై కూర్చుంది.

నిజానికి కోచ్ ఆపమన్న చోట ఆవిడ ఎప్పుడూ ఆపదు. అతని నోట మాట వచ్చేసరికే అతనికి కావలసింది దాటిపోయి ఉంటుంది. ఏడెనిమిది ఫ్రేములు వెనక్కి వెళ్తుంది. పైకి లేచే చెయ్యి కిందికి మళ్లేచోట, ముందుకెళ్లే కాలు వెనక్కి తిరిగేచోట, ఏ కదలికైనా కనురెప్పపాటు ఆగి తీరుతుంది. అక్కడ పట్టుకుంటే బొమ్మ చెక్కినట్టు వస్తుంది. అటూ ఇటూ అయితే అలుక్కుపోతుంది. “వీడియోలో ఉంటే చాలు, బయటికి లాక్కొచ్చే పూచీ నాది” అంటుంది ఆపమ్మ. గొప్పకి అనే మాట కాదు, కూరలో ఉప్పు సరిపోయిందన్నంత మామూలుగా అంటుంది.

ఆవిడ మామగారు మెట్ల మేస్త్రీ. గుండ్రంగా తిరుగుతూ పైకెక్కే చెక్కమెట్లు, వాటి పక్కన మెలిక తిరుగుతూ వెళ్లే చెక్క రెయిలింగ్, ఇవే ఆయన చేసేవి. రెయిలింగ్ ఒక్క ముక్కగా రాదు కదా, ఆరేడు ముక్కలు అతకాలి. ఆయన అతికితే కళ్లు మూసుకుని చెయ్యి జరుపుకుంటూ వెళ్లినా ఎక్కడ అతికాడో తెలిసేది కాదు. ఇరవై ఏళ్ల తర్వాత చూసినా ఆ అతుకు విచ్చేది కాదు. లోపల ఏం పెట్టేవాడో ఆయనకే తెలుసు.

ఆ ఏడు ఎండలు ముదిరే వేళకి ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది. కుడికాలు ఈడ్చుకుంటూ కర్రపోటుతో నడుస్తున్నాడు. ఎదుటివాళ్లు చెప్పేది బాగానే అర్థమవుతోంది కానీ, నోట్లో మాటలన్నీ పోయి ఒక్కటే మిగిలింది. “రేపు.” ఆకలేసినా రేపు, మంచినీళ్లు కావాలన్నా రేపు, కోపమొస్తే గట్టిగా రేపు. ఇలా ఒక్క మాటే మిగిలిపోవడం కొందరికి జరుగుతుందని డాక్టర్ చెప్పాడు. ఎడంచేత్తో గీసి చూపించమని పెన్సిలిస్తే రెండు వంకర గీతలు గీసి విసిరికొట్టాడు.

ఆ మాట విన్నప్పుడల్లా పిచ్చుక మొహం తిప్పుకునేది. పిచ్చుకంటే ఆయన కూతురు, ఆపమ్మకి ఆడపడుచు. చిన్నప్పుడు చిత్రిక పట్టిన చోట రాలిన పొట్టులో గెంతుతూ తిరిగేదని ఆ పేరు. ఇప్పుడు ముప్పై ఆరేళ్లు, తలుపుచెక్కని ఒంటిచేత్తో ఎత్తి గోడకి ఆనించే మనిషి, అయినా పిచ్చుకే. పన్నెండేళ్లుగా తండ్రి దగ్గరే పని. కొలతలు, కోతలు, వంపులు అన్నీ వచ్చు. ఆ అతుకొక్కటే రాదు.

“ఎప్పుడడిగినా రేపు చెప్తాననేవాడు వదినా,” అంది ఒకరోజు వర్క్‌షాపులో, రంపం తుడుస్తూ. “అతుకు పెట్టే వేళకి సరిగ్గా నాకేదో ఒక పని తగిలేది. వెళ్లి టీ పట్రా, మేకులు అయిపోయాయి చూడు, ఎవరో పిలుస్తున్నారు చూడు. నేను వచ్చేసరికి జిగురు కూడా తుడిచేసి ఉండేది. నేను తాగిన టీలన్నీ కలిపితే మీ కొలను నిండుతుంది.”

నవ్వుతూనే అంది. ఆ నవ్వు వెనక ఏముందో ఆపమ్మకి తెలుసు.

ఆ సమయంలో వాళ్ల చేతిలో ఉన్నది గ్రంథాలయం పని. కింది హాల్లోంచి పై అంతస్తుకి గుండ్రటి మెట్లు. పైన పిల్లల పుస్తకాల గది తెరవబోతున్నారు. మేస్త్రీ పడిపోయేనాటికి మెట్లన్నీ బిగించడం అయింది. రెయిలింగ్ ముక్కలు ఏడూ వంపు తిరిగి, నునుపు దేరి, గుడ్డలు చుట్టుకుని బల్లమీద పడున్నాయి. అతకడమే మిగిలింది.

గ్రంథాలయం పెద్దావిడ ఒకరోజు స్వయంగా వచ్చింది. మంచి మనిషి, కాకపోతే తేదీల మనిషి.

“మా ఇంజినీర్ ఇనప బోల్టులు వేసెయ్యమంటున్నాడమ్మా. రెండు రోజుల పనట. మీ నాన్నగారి పరిస్థితి నాకు తెలుసు. ఎవరూ ఏమీ అనుకోరు,” అంది.

“బోల్టు వేస్తే మొదటి ఏడాది బాగానే ఉంటుందండీ,” అంది పిచ్చుక. “తర్వాత వదులవుతుంది. పిల్లలు ఎక్కే మెట్లు. పట్టుకుని వేలాడతారు, పైనించి జారతారు. అతుకు విచ్చి ఒక్క వేలు నలిగినా ఆ పాపం నాది. మూడు వారాలు టైమివ్వండి.”

“మూడు వారాల్లో వస్తుందా?”

పిచ్చుక చీపురు అందుకుని పొట్టు ఊడవసాగింది. ఏదో పనిమీద అక్కడికొచ్చిన ఆపమ్మే జవాబు చెప్పింది. “వస్తుందండీ.”

పెద్దావిడ వెళ్లాక పిచ్చుక చీపురు పక్కన పారేసి వదినకేసి చూసింది. “ఏం చూసుకుని వస్తుందన్నావు? పాత ఇళ్లలో ఉన్న అతుకులు విప్పి చూద్దామంటే పగలగొట్టాలి. ఎవరు పగలగొట్టనిస్తారు?”

“ఏమీ చూసుకోలేదు. నువ్వు బోల్టులకి ఒప్పేసుకుంటావేమోనని అన్నాను. ఇప్పుడు చూసుకుంటాను.”

చూసుకోవడానికి దారి ఆపమ్మ భర్త చూపించాడు. అతను రైలు డ్రైవరు. రెండు రోజులు బండిమీద, ఒక రోజు ఇంట్లో. పెళ్లికి ముందు కొత్తగా టేపు కెమెరా కొని, కనపడిందల్లా తీసేవాడు. వర్క్‌షాపులో తండ్రి పని చేస్తుంటే ఒకసారి నలభై నిమిషాలు తీశాడు. ఆ టేపులన్నీ తర్వాత కంప్యూటర్లోకి ఎక్కించి, మళ్లీ ఎప్పుడూ తెరవలేదు. భార్య, చెల్లెలు ఇద్దరూ తల పట్టుకోవడం చూసి అది గుర్తొచ్చింది. ఆవిడ కొలను నుంచి వచ్చేలోపు తనే ఉత్సాహంగా వీడియో ఆడించి, తోచినచోటల్లా మీట నొక్కి, ఇరవై ఫొటోలు తీసి పెట్టాడు.

ఆపమ్మ వాటిని చూసి నవ్వు ఆపుకోలేకపోయింది. మేస్త్రీ మొహం దువ్వెనతో దువ్వినట్టు అడ్డగీతలుగా చీలిపోయి ఉంది. సుత్తి రెండుగా కనిపిస్తోంది.

“కెమెరా పాడైందనుకుంటా,” అన్నాడతను.

“కెమెరాకేం కాలేదు. ఆ టేపు కెమెరాలు అంతే. ఒక్క ఫ్రేములో రెండు సగం బొమ్మలు ఉంటాయి. ఒకటి ముందు క్షణానిది, ఒకటి తర్వాత క్షణానిది. గీత విడిచి గీత పేర్చి ఉంటాయి. ఆడుతున్నప్పుడు కన్ను కలిపేసుకుంటుంది. ఆపితే రెండూ పోట్లాడుకుంటాయి. విడదీస్తే దేనికది శుభ్రంగా వస్తుంది. పైగా సెకనుకి ఇరవై అయిదు కాదు, యాభై బొమ్మలు దొరుకుతాయి.” కుర్చీ లాక్కుంది. “లే, నువ్వు బండి నడుపుకో. ఇది నాకొదిలెయ్.”

మర్నాడు సెలవు. పొద్దున్నే ఆడపడుచుని పక్కన కూర్చోబెట్టుకుని వీడియో మొదలుపెట్టింది. మాట పోకముందు మామగారి గొంతు ఎలా ఉండేదో ఇద్దరూ మరిచిపోయారు. స్పీకర్లోంచి ఆ గొంతు రాగానే పిచ్చుక చెయ్యి నోటికడ్డం పెట్టుకుంది. చెక్క ఎంచుకోవడం, ఆవిరి పట్టి వంచడం, చిత్రిక పట్టడం, అన్నీ వరుసగా చెప్తున్నాడు. ముప్పై ఒకటో నిమిషంలో రెండు ముక్కలు బిగింపులో పెట్టి, ఉలి తీసుకుని, కెమెరాకేసి చూశాడు.

“ఇక ఆపెయ్యరా,” అన్నాడు. అని, వీపు తిప్పేసి కిటికీ వైపు మొహం పెట్టి కూర్చున్నాడు.

కొడుకు ఆపలేదు. ఎందుకాపలేదో తర్వాత అడిగితే అతనికీ గుర్తులేదు. ఆరు నిమిషాలపాటు తండ్రి వీపు తీశాడు. ఉలి చప్పుడు, సుత్తి చప్పుడు. తర్వాత ఆయన ఇటు తిరిగేసరికి అతుకు పెట్టడం అయిపోయింది.

“కొడుక్కీ చెప్పలేదన్నమాట,” అంది పిచ్చుక. “పోన్లే, నాకొక్కదానికే కాదు.” లేవబోయింది.

“కూర్చో.”

“ఏముంది వదినా అందులో, చొక్కా తప్ప?”

“ఆరు నిమిషాలుంది. అన్నీ చూడకుండా లేదని ఎలా అంటాను?”

ఆపమ్మ ఆ ఆరు నిమిషాల్నీ ఒక్కో బొమ్మే జరుపుతూ వెళ్లింది. పిచ్చుక కాసేపు చూసి, వంట చేసి, తిని, వదినకి పళ్లెం పక్కన పెట్టి, గిన్నెలు తోముకుని వచ్చి మళ్లీ కూర్చుంది. మధ్యాహ్నం మూడు కావస్తుండగా ఆపమ్మ వేలు ఆగింది.

మేస్త్రీ ఎదురుగా ఉన్న కిటికీ బయట ఎండ. ఎండ ఉన్నంతసేపూ అద్దంలో వీధి తప్ప ఏమీ కనిపించదు. అయితే ఆరోజు ఎవరిదో నల్లటి వ్యాను కిటికీని రాసుకుంటూ వెళ్లింది. అది అడ్డొచ్చినంతసేపు, అంటే సెకను కూడా కాదు, అద్దం నల్లబడి నిలువుటద్దమైంది. అందులో మేస్త్రీ ఎదురు రూపం. ఒళ్లో ఉన్న బిగింపు, ఉలి, విప్పి ఉన్న అతుకు. వీడియో మామూలుగా ఆడితే ఒక నీడ కదిలినట్టుంటుంది, అంతే.

“ఇరవై రెండు బొమ్మలున్నాయి,” అంది ఆపమ్మ. “పదకొండింట్లో సుత్తి కిందికొస్తోంది, పనికిరావు. ఇదిగో, సుత్తి పైకెళ్లి మళ్లే చోటు. ఇది నిలబడింది.”

వెలుగు పెంచింది, అతుకున్న చోటు మటుకు కత్తిరించి పెద్దది చేసింది. రెయిలింగ్ ముక్కలో ఏటవాలుగా తొలిచిన గాడి, అందులోకి దిగుతున్న చెక్కచీల. చీల ఒకవైపు సన్నంగా, ఒకవైపు లావుగా ఉంది. పిచ్చుక కుర్చీ అంచుకి జరిగి తెరని ముక్కు తగిలేంత దగ్గరగా చూసింది.

“ఏటవాలా,” అంది నెమ్మదిగా. “నేను ఇన్నాళ్లూ తిన్నగా అనుకుని చచ్చాను.”

మిగతా పనివి కూడా కలిపి నలభై ఫొటోలు తీసి, పెద్దవిగా అచ్చు వేయించి, వర్క్‌షాపు గోడకి వరుసగా అంటించారు. మేస్త్రీని తీసుకొచ్చి చూపించారు. ఆయన కర్ర పోటు వేసుకుంటూ గోడ పొడుగునా నడిచాడు. ఒక్కో ఫొటో దగ్గరా ఆగి “రేపు” అన్నాడు, పాత స్నేహితుల్ని పలకరించినట్టు. అతుకు ఫొటో దగ్గరికొచ్చి చాలాసేపు నిలబడ్డాడు. కిటికీ వైపు చూశాడు. మళ్లీ ఫొటో చూశాడు. ఆయన మెడ కిందికి వాలింది.

“దొరికిపోయావు నాన్నా,” అంది పిచ్చుక.

ఆయన కర్ర ఊతంతో వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు.

పిచ్చుక మంచి ముక్కల జోలికి పోకుండా పనికిరాని చెక్కమీద అతుకు పెట్టి చూసింది. మామూలుగా తండ్రి రెయిలింగ్‌లో పైమెట్ల వైపుండే ముక్కని తన కుడిచేతి వైపు ఉంచుకుంటాడు. ఎదురునుంచి చూసేవాళ్లకి అది ఎడమ అవుతుంది. ఆ లెక్కన ఫొటోలో చీల లావుగా ఉన్న కొస కింది ముక్క వైపుంది. అలాగే తొలిచింది, అలాగే చీల చెక్కింది, సుత్తితో దించింది. చీల దిగేకొద్దీ అతుకు బిగియాల్సింది పోయి, నోరు తెరిచినట్టు విచ్చుకుంది. మళ్లీ చేసింది. మళ్లీ అదే. మూడోసారి చెక్కే పగిలింది.

మేస్త్రీ కుర్చీలోంచి కర్రతో నేలమీద కొట్టడం మొదలుపెట్టాడు. “రేపు. రేపు. రేపు.”

“రేపు కాదు నాన్నా, పన్నెండేళ్ల కిందట,” అంది పిచ్చుక. సుత్తి బల్లమీద పెట్టేసింది. గొంతు పెంచలేదు. “అప్పుడు ఒక్క అరగంట కూర్చోబెట్టుకుని ఉంటే సరిపోయేది. నేను ఎవరికి చెప్పేస్తాననుకున్నావు? ఈ పని వదిలి ఎక్కడికైనా పోతాననుకున్నావా? నీ వీపు ఫొటోలు పట్టుకుని వెతుక్కునే ఖర్మ నాకెందుకు?”

ఆయన కర్ర ఆగిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎడంచెయ్యి ముందుకు చాచి, అరచెయ్యి వెల్లకిలా పెట్టాడు. బోర్లించాడు. మళ్లీ వెల్లకిలా పెట్టాడు. కూతురికేసి కాదు, కోడలికేసి చూస్తూ.

ఆపమ్మ ఆ చేతిని చూసింది. తర్వాత గోడమీది ఫొటో చూసింది. తను కత్తిరించి పారేసిన భాగం గుర్తొచ్చింది. లాప్‌టాప్ తెరిచి మొత్తం బొమ్మ తీసింది. అద్దంలోని మేస్త్రీ సుత్తిని ఎడంచేత్తో పట్టుకుని ఉన్నాడు.

“మావయ్యా, మీది కుడిచేతి వాటం కదా,” అంది.

“రేపు,” అన్నాడాయన. ఈసారి ఆ మాట అవునన్నట్టే వినిపించింది.

ఆవిడకి చెవులు వేడెక్కాయి. పదకొండేళ్లుగా ఇదే పని. చేతులు కనిపించే బొమ్మని చేతులు లేకుండా కత్తిరించి, అద్దంలోది కుడి ఎడమల తేడాతో ఉంటుందన్నది మరిచిపోయింది. ఈతకొలనులో ఒక కొత్త పిల్ల ఈ పని చేసి ఉంటే తనే నాలుగు చివాట్లు పెట్టేది.

“తప్పు నాది,” అంది పిచ్చుకతో. “ఫొటో తిరగేసి ఉంది. నువ్వు సరిగ్గానే చేశావు, నేను తప్పు బొమ్మ ఇచ్చాను.”

ఒక్క నొక్కుతో బొమ్మని అటుదిటు తిప్పింది. సుత్తి కుడిచేతిలోకి వచ్చింది. చీల లావు కొస పై ముక్క వైపు మారింది. పిచ్చుక తెరకేసి చూసి, బల్లకేసి చూసి, గాల్లోనే రెండు చేతులతో ముక్కల్ని కలిపి చూసుకుంది.

“పైనుంచి లాగుతుంది,” అంది. “అందుకే విచ్చదు. ఎవరైనా రెయిలింగ్ పట్టుకుని కిందికి గుంజినప్పుడల్లా ఇంకా బిగుస్తుంది. ఓరి నాన్నా.”

నాలుగోసారి గాడి తొలిచింది. చీల చెక్కింది. గాడిలో నిలబెట్టి సుత్తి ఎత్తబోతుంటే మేస్త్రీ కుర్చీలోంచి లేచాడు. ఆపమ్మ పట్టుకోబోతే వద్దన్నట్టు భుజం విదిలించి, బల్ల దాకా నడిచి, ఎడంచేత్తో చీలని పట్టుకున్నాడు. చీలని ఒక వెంట్రుకవాసి పక్కకి ఒరిగించాడు. ఫొటోలో కనిపించని సంగతి అది. కూతురు ఆ వాలు చూసింది, తల ఊపింది, కొట్టింది. మూడు దెబ్బలు. అతుకు మూసుకుంది. పిచ్చుక బొటనవేలి గోరు దానిమీద అటూ ఇటూ గీసింది. ఎక్కడా తట్టలేదు.

తర్వాత మేస్త్రీ ఆ ముక్కని కూతురి చేతిలో పెట్టి, విరిచెయ్యమన్నట్టు సైగ చేశాడు. పిచ్చుక మోకాలి మీద పెట్టి బలం కొద్దీ వంచింది. చెక్క విరిగింది కానీ అతుకు దగ్గర కాదు, దానికి జానెడు దూరంలో.

గ్రంథాలయంలో ఏడు ముక్కలూ అతకడానికి అయిదు రోజులు పట్టింది. ప్రతి చీలా పిచ్చుకే చెక్కింది. మేస్త్రీ కింది మెట్టు దగ్గర కుర్చీ వేయించుకుని చూశాడు. మధ్యలో ఒకసారి టీ తేవడానికి ఎవరో ఒకరు వెళ్లాలంటే, కర్ర తీసుకుని తనే లేచాడు. వారం ముందే పనైపోయిందని గ్రంథాలయం పెద్దావిడ తేదీల పుస్తకం తెరిచి, ఏం రాయాలో తెలియక మళ్లీ మూసేసింది. ఇంజినీరు వచ్చి రెయిలింగ్‌ని గుంజి చూశాడు, తట్టి చూశాడు, బోల్టులెక్కడ పెట్టారని అడిగాడు.

“పెట్టలేదండీ,” అంది పిచ్చుక.

“మరి ఎలా ఆగింది?”

“కూర్చోండి, చూపిస్తాను,” అంది. సంచీలోంచి ఒక పాత చెక్కముక్క, ఉలి తీసి, అతని ఎదురుగా మెట్టుమీద కూర్చుని గాడి తొలవడం మొదలుపెట్టింది.

మేస్త్రీ అది చూడలేదు. ఆయన ఎడంచేత్తో రెయిలింగ్ పట్టుకుని, కోడలు వెనకే వస్తుంటే, ఒక్కో మెట్టే ఎక్కుతున్నాడు. కుడికాలు ప్రతి మెట్టుమీదికీ ఆలస్యంగా వచ్చి చేరుతోంది. సగం దాకా వెళ్లి, ఊపిరి పీల్చుకోవడానికి అక్కడే కూలబడ్డాడు. ఆపమ్మ కూడా పక్కన కూర్చుంది. పైగది తలుపు తెరిచి ఉంది. ఖాళీ అలమారాలు, కిటికీలోంచి పడుతున్న వెలుగు కనిపిస్తున్నాయి. పుస్తకాల పెట్టెలు మోసుకొస్తున్న ఇద్దరు మనుషులు కింద ఆగి, దారి కోసం చూశారు.

“ఒక్క నిమిషం ఆగండి, ఆయన లేస్తారు,” అంది ఆపమ్మ.

ఆయన లేవడానికి పది నిమిషాలు పట్టింది. ఎవరూ తొందరపెట్టలేదు. తర్వాత లేచి మిగతా మెట్లు కూడా ఎక్కాడు.